మనుషుల్ని కూర్చోబెట్టి మాట్లాడించే పనికి గ్రాంటు ఎవరిస్తారు?

మగ్గంపక్క | ఆదివారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

చీరాల పక్కన ఒక చేనేత ఊళ్ళో నాలుగేళ్ళ కిందట పదకొండు మందిమి కలిసి సొసైటీ రిజిస్టర్ చేయించాం. నెలకు రెండు ఆదివారాలు సాయంత్రం ఊరి పెద్దల్ని కూర్చోబెడతాం. వాళ్ళు చెబుతారు, పిల్లలు, కాలేజీ కుర్రాళ్ళు వింటారు, అడుగుతారు. అంతా రికార్డు చేస్తాం. పడుగు, పేక, నాడె, కండె అనే నేతపని మాటల దగ్గర మొదలై ఎక్కడెక్కడికో వెళ్తుంది. 1921లో మునిసిపాలిటీ పన్నులకి ఒప్పుకోకుండా చీరాల, పేరాల జనం ఇళ్ళు వదిలి రామనగర్ పాకల్లో నెలల తరబడి ఉన్నారు కదా, దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారి పిలుపు మీద. ఆ పాకల్లో తమ నాయనమ్మ వంట ఎలా చేసేదో విన్నవాళ్ళు ఇంకా ఉన్నారు. ఇంకో పదేళ్ళకు ఉండరు.

ఇన్నాళ్ళూ చందాలతో నడిపాం. ఇప్పుడు సరిపోవడం లేదు. పోయిన నెల ఒక కంపెనీ సీఎస్ఆర్ విభాగం (సమాజం పనులకి కంపెనీ డబ్బు ఖర్చుపెట్టేవాళ్ళు) వాళ్ళని కలిశాం. బాగానే కూర్చోబెట్టారు, టీ ఇచ్చారు. మూడు ప్రశ్నలు అడిగారు: లబ్ధిదారులు ఎంతమంది, తలకి ఎంత ఖర్చు, చివర్లో కంటికి ఏం కనబడుతుంది. నేను ఒక రికార్డింగు వినిపించబోయాను. ‘అమ్మా, ఇదంతా బాగుంది, బిల్డింగ్ లాంటిది ఏదైనా ఉంటే తీసుకురండి’ అన్నారు.

బస్సులో తిరిగొస్తుంటే ఏడుపొచ్చింది. డబ్బు రాలేదని కాదు. మా పని ఏమిటో వాళ్ళకు అర్థమయ్యేలా చెప్పే మాట నా దగ్గర లేకపోయింది. చరిత్ర, భాష, జ్ఞాపకం మీద పనిచేసే చిన్న సంస్థలకి నిజంగా డబ్బు ఎక్కడ దొరుకుతుంది? ఎలా అడగాలి? అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

లెక్కలమాస్టారు | ఆదివారం, రాత్రి 10:25

అమ్మా, ముందు కాగితాల సంగతి చెప్పండి. ఆదాయపన్ను శాఖ ఇచ్చే 12ఏ (సంస్థకి పన్ను మినహాయింపు), 80జీ (దాతకి పన్ను మినహాయింపు) ఉన్నాయా? పాన్ సొసైటీ పేరు మీదే ఉందా? స్వచ్ఛంద సంస్థల కోసం ప్రభుత్వం పెట్టిన ఎన్జీఓ దర్పణ్ పోర్టల్లో నమోదయ్యారా? సీఎస్ఆర్ డబ్బు తీసుకోవడానికి రిజిస్ట్రేషన్ నంబరు ఇచ్చే సీఎస్ఆర్-1 ఫారం వేశారా? 2021 ఏప్రిల్ 1 నుంచి ఆ నంబరు లేని సంస్థకి ఏ కంపెనీ సీఎస్ఆర్ డబ్బు ఇవ్వకూడదు. ఆ నంబరు రావాలంటే 12ఏ, 80జీ ముందు ఉండాలి. ఇవి ఒకసారి తెచ్చుకుంటే జీవితాంతం ఉండేవి కావు, గడువు చూసుకుంటూ రెన్యూవల్ చేయించుకోవాలి. మంచి పని చేసే సంస్థలు ఆ తేదీ మర్చిపోయి ఏడాది పోగొట్టుకున్న సందర్భాలు నా సర్వీసులో చాలా చూశాను.

మీకు నాలుగేళ్ళు నిండాయి కాబట్టి ఒక మేలుంది. బయటి సంస్థ ద్వారా ఖర్చుపెట్టేటప్పుడు, ఆ సంస్థకి అలాంటి పనిలో కనీసం మూడేళ్ళ అనుభవం ఉండాలని నిబంధన. అది మీకు ఉంది.

ఇంకో మాట. కంపెనీల చట్టం 2013, ఏడో షెడ్యూల్ తీసి చదవండి. సీఎస్ఆర్ కింద ఏమేం చేయవచ్చో అందులో ఉంటుంది. జాతీయ వారసత్వం, కళలు, సంస్కృతి పరిరక్షణ, ప్రజా గ్రంథాలయాలు, సంప్రదాయ కళలు, హస్తకళల అభివృద్ధి అని స్పష్టంగా రాసి ఉంది. మీ దరఖాస్తు మొదటి పేజీలో ఆ అంశం సంఖ్యతో సహా రాయండి. ఎదురుగా కూర్చున్న ఉద్యోగి తన పైవాళ్ళకి ఫైలు పంపాలంటే ఆ ఒక్క లైను కావాలి. ఆయనకు మీ పని నచ్చకపోవడం వేరు, నచ్చినా ఏ పద్దు కింద రాయాలో తెలియకపోవడం వేరు.

ఓరుగల్లు చదువరి | సోమవారం, ఉదయం 6:50

మగ్గంపక్క గారూ, మీ పోస్టు రాత్రే చదివాను. మేము వరంగల్ వైపు ఒగ్గు కథ, చిందు యక్షగానం కళాకారులతో ఇలాంటి పనే చేస్తున్నాం. ఆట ఆడించడం మాత్రమే కాదు, ఆట అయిపోయాక వాళ్ళతో ఊరివాళ్ళు కూర్చుని మాట్లాడటం.

ప్రభుత్వం వైపు నుంచి వచ్చేదాని గురించి నాకు తెలిసింది చెబుతాను. కేంద్ర సాంస్కృతిక శాఖ కళా సంస్కృతి వికాస్ యోజనలో సంస్థలకి ఒక పథకం ఉంది. సెమినార్లు, వర్క్‌షాపులు, ఉత్సవాలు, ప్రదర్శనలు, పరిశోధన లాంటివాటికి. మామూలుగా 5 లక్షల దాకా ఇస్తారు. కానీ మొత్తం ఖర్చులో 75 శాతమే వాళ్ళది, మిగతాది మనం పెట్టుకోవాలి. ఆ 75 శాతం కూడా ఒకేసారి రాదు, మొదటి విడతలో ముప్పావు వంతు, లెక్కలు అప్పజెప్పాక మిగతా పావు.

దీన్ని అంకెల్లో పెట్టి చూడండి, లేకపోతే దెబ్బ తింటారు. 2 లక్షల వర్క్‌షాపు అనుకుందాం. గ్రాంటు లక్షా యాభై వేలు. చేతికి ముందు వచ్చేది 1,12,500. అంటే మన వాటా 50,000, తర్వాత రావాల్సిన 37,500, కలిపి 87,500 ముందే మన దగ్గర ఉండాలి. చిన్న సంస్థకి అది చిన్న మొత్తం కాదు. మాకు ఒకచోట ఇలాగే రెండో విడత కోసం చాలా నెలలు ఎదురుచూడాల్సి వచ్చింది. ఎవరిచ్చారన్నది ఇక్కడ అవసరం లేదు. డప్పు కళాకారులకి ఇస్తామన్న డబ్బు ఇవ్వలేక, మా కార్యదర్శి తన భార్య గొలుసు తాకట్టు పెట్టి ఇచ్చాడు. గ్రాంటు మంజూరైందని పండగ చేసుకున్న రోజు ఈ లెక్క మాకెవరూ చెప్పలేదు.

ఆ రెండో విడత ఎందుకు ఆగిందో కూడా చెబుతాను. వోచర్లు. పద్నాలుగు మంది కళాకారులకి తలా 6,000 ఇచ్చాం. సంతకాలు, వేలిముద్రలు అన్నీ ఉన్నాయి. రెవెన్యూ స్టాంపులు లేవు. 5,000 దాటిన రసీదుకి రూపాయి స్టాంపు అంటించాలి. పద్నాలుగు రూపాయల స్టాంపులు. మళ్ళీ పద్నాలుగు ఊళ్ళు తిరిగి కొత్త రసీదుల మీద వేలిముద్రలు వేయించుకున్నాం. అందులో ఒకాయన అప్పటికి చనిపోయాడు. ఆయన కొడుకు తలుపు దగ్గర నిలబడి ఆ కాగితం చూస్తుంటే ఏం చెప్పాలో తెలియలేదు నాకు.

లెక్కలమాస్టారు | సోమవారం, ఉదయం 8:15

చదువరి గారూ, చదివి మనసుకు కష్టమనిపించింది. చిన్న సంస్థల వాళ్ళందరికీ దీంతోపాటు ఇంకొకటి: ఒకే మనిషికి ఒకే రోజు 10,000 దాటి నగదుగా ఇస్తే ఆదాయపన్ను లెక్కలో అది సంస్థ ఖర్చుగా చెల్లదు. వృద్ధ కళాకారులైనా సరే బ్యాంకు ఖాతాలోకి వేయండి. అలాగే 2,000 దాటి నగదుగా తీసుకున్న చందాకి దాతకి 80జీ మినహాయింపు రాదు. అది ముందే చెప్పడం మర్యాద.

కాలవగట్టు | సోమవారం, మధ్యాహ్నం 1:30

నా మాట ఎవరికీ నచ్చకపోవచ్చు, అయినా చెబుతాను. గ్రాంట్ల వెంట పడొద్దు.

మాది కొల్లిపర దగ్గర. 1935లో పాతూరి నాగభూషణం గారు పడవలో పుస్తకాలు పెట్టుకుని పెదవడ్లపూడి, కొల్లిపర మధ్య కాలవ మీద గ్రంథాలయం నడిపారు. కాలవ గట్టున ఊళ్ళ వాళ్ళు పడవ ఎప్పుడొస్తుందా అని చూసేవాళ్ళట. మా తాతగారు చెప్పేవారు. దానికి ఎవరు గ్రాంటు ఇచ్చారు? వేటపాలెం సారస్వత నికేతనం గ్రంథాలయం 1918లో పుట్టింది, మీ పక్క ఊరే కదా. ఊరివాళ్ళ కష్టం మీద పెరిగింది. గాంధీ గారు వచ్చి శంకుస్థాపన చేశారు.

గ్రాంటు తీసుకున్న రోజు నుంచి మీ ఆదివారం సాయంత్రం మీది కాదు. ఫారంలో ఏ గడి ఉంటే ఆ గడికి తగ్గట్టు పెద్దాయన మాట్లాడాలి. ఇంటికి నెలకు వంద రూపాయలు అడగండి. ఇచ్చేవాళ్ళు వంద మంది లేకపోతే, ఆ పని ఊరికి ఇంకా అవసరం అనిపించలేదని అర్థం.

పాతపుస్తకం | సోమవారం, సాయంత్రం 5:05

కాలవగట్టు గారూ, మీ బాధ అర్థమైంది, చివరి వాక్యంతో మాత్రం ఒప్పుకోలేను.

గ్రంథాలయోద్యమం చందాలతోనే నడిచిందనేది సగం నిజం. హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం అనే గ్రంథాలయం 1901లో మొదలైంది రావిచెట్టు రంగారావు గారి ఇంట్లో. వెనక నిలబడింది మునగాల రాజా నాయని వెంకటరంగారావు గారు. కొమర్రాజు లక్ష్మణరావు గారి లాంటి పండితుడు ఆ సంస్థానంలో ఉద్యోగం చేస్తూ ఈ పనులన్నీ చేయగలిగారు. ఆ జీతాన్ని ఇవాళ్టి మాటల్లో చెప్పాలంటే ఫెలోషిప్ అనే అనాలి. అంటే అప్పుడూ ఎవరో ఒకరు మనిషికి జీతం ఇచ్చారు. ఇల్లు ఇచ్చినవాడి పేరు, పుస్తకాలు ఇచ్చినవాడి పేరు గోడ మీద ఉంటాయి. రోజూ తలుపు తీసినవాడికి ఏం దొరికిందో ఏ గోడ మీదా ఉండదు.

వంద మంది వంద రూపాయలు ఇవ్వకపోతే ఊరికి అవసరం లేదనడం చేనేత ఊరికి సరిపడే మాట కాదు. మగ్గం మీద రోజుకి ఎంత గిడుతుందో మీకు తెలుసు. ఎవరి కథ అయితే మనం దాచాలనుకుంటున్నామో వాళ్ళనే దానికి డబ్బు కట్టమనడం నాకు న్యాయంగా అనిపించదు.

మగ్గంపక్క గారూ, రెండు దారులు చెబుతాను.

బెంగళూరులో ఇండియా ఫౌండేషన్ ఫర్ ది ఆర్ట్స్ అని ఒక స్వచ్ఛంద సంస్థ ఉంది, 1993లో పెట్టారు. కళల పరిశోధనకి, కళాసాధనకి గ్రాంట్లు ఇస్తారు. దరఖాస్తు ఏ భారతీయ భాషలోనైనా రాయవచ్చు. అంటే తెలుగులోనే. ఇది చిన్న విషయం అనుకోకండి. మీ ప్రతిపాదన మీరు మాట్లాడే భాషలో రాస్తే, పైన మీరు రాసిన పోస్టులో ఉన్న ప్రాణం అందులోనూ ఉంటుంది. ఇంగ్లీషులోకి మార్చగానే మీ నాయనమ్మ ‘బెనిఫిషియరీ’ అయిపోతుంది. అయితే వాళ్ళది కళల వైపు చూపు. నేత పాటలు, డిజైన్లు, పని మాటలు, ఆ వైపు నుంచి వెళ్ళాలి.

రెండోది బ్రిటిష్ లైబ్రరీ వాళ్ళ ఎండేంజర్డ్ ఆర్కైవ్స్ ప్రోగ్రామ్, 2004 నుంచి ఉంది. శిథిలమయ్యే పాత కాగితాలు, తాళపత్రాలు, పత్రికల్ని ఉన్నచోటే డిజిటల్ కాపీ చేయడానికి ఇస్తారు. అసలు ప్రతులు దేశం దాటవు. మీ ఊళ్ళో పాత సహకార సంఘం పుస్తకాలు, షావుకార్ల ఖాతా పుస్తకాలు ఎవరింట్లోనైనా అటక మీద ఉంటే దీని గురించి ఆలోచించండి. మాటల రికార్డింగుకి మాత్రం ఇది కుదరదు. పైగా విదేశీ డబ్బు కాబట్టి విదేశీ విరాళాల చట్టం కింద రిజిస్ట్రేషన్, అంటే ఎఫ్‌సీఆర్‌ఏ ఉండాలి, లేదా ఆ రిజిస్ట్రేషన్ ఉన్న యూనివర్సిటీ లాంటి సంస్థ దరఖాస్తు చేయాలి.

మగ్గంపక్క | సోమవారం, రాత్రి 9:10

అందరికీ చాలా థ్యాంక్స్. రాజా రామమోహన్ రాయ్ లైబ్రరీ ఫౌండేషన్ గురించి ఎవరైనా చెబుతారా? మా గదిలో ఆరు వందల పుస్తకాలు కూడా ఉన్నాయి.

పాతపుస్తకం | సోమవారం, రాత్రి 9:45

కోల్‌కతాలో ఉంది, 1972లో పెట్టారు. స్వచ్ఛంద సంస్థల గ్రంథాలయాలకి కూడా సాయం చేస్తారు. రాష్ట్ర గ్రంథాలయ శాఖ ద్వారా వెళ్ళాలి. కానీ అక్కడ ప్రధానంగా పుస్తకాలు, బీరువాలు, గది. మీ పని నడిపే మనిషికి జీతం అందులో రాదు. పుస్తకాల కోసం తప్పకుండా ప్రయత్నించండి, దాని మీద ఆశపడి అసలు పని ఆపకండి.

మీ శాఖా గ్రంథాలయం లైబ్రేరియన్‌ని కూడా కలవండి. ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్నుగా మనమే కడుతున్నాం. డబ్బు ఇవ్వలేకపోయినా సాయంత్రం హాలు ఇవ్వగలరు. అద్దె మిగులుతుంది.

టెక్సాస్ తెలుగు | మంగళవారం, ఉదయం 7:20

ఇక్కడి సంగతి కొంత చెబితే పనికొస్తుందేమో. మీరు చేసే పనికి అమెరికాలో ‘పబ్లిక్ హ్యుమానిటీస్’ అని పేరుంది, దానికంటూ ప్రభుత్వ సంస్థ కూడా ఉంది. నేషనల్ ఎండోమెంట్ ఫర్ ది హ్యుమానిటీస్, 1965లో చట్టం చేసి పెట్టారు. ఆ డబ్బులో పెద్ద భాగం రాష్ట్రాల, ఇతర ప్రాంతాల హ్యుమానిటీస్ కౌన్సిళ్ళకి వెళ్తుంది. అవి మొత్తం 56. అక్కడి నుంచి చిన్న ఊరి లైబ్రరీలకి, మ్యూజియంలకి వెయ్యి, రెండు వేల డాలర్ల గ్రాంట్లుగా దిగుతుంది. మా ఊరి లైబ్రరీలో వలస కుటుంబాల కథల మీద ఒక చర్చా వరస అలాంటి చిన్న డబ్బుతోనే జరిగింది. మా అమ్మ అందులో తెలుగులో మాట్లాడింది, నేను పక్కన కూర్చుని ఇంగ్లీషులో చెప్పాను. అరవై ఏళ్ళు దాటిన తర్వాత తన మాట కోసం ఒక గది నిండా మనుషులు నిశ్శబ్దంగా కూర్చోవడం ఆమెకి అదే మొదటిసారి.

2025 ఏప్రిల్ మొదట్లో వెయ్యికి పైగా గ్రాంట్లు ఒక్కసారిగా రద్దు చేశారు. కౌన్సిళ్ళ డబ్బు కూడా ఆపేశారు. మంజూరై, సగం పని అయినవి కూడా. అదే నెలాఖరులో మెలన్ ఫౌండేషన్ అనే ప్రైవేటు దాతృత్వ సంస్థ అత్యవసరంగా కోటిన్నర డాలర్లు ప్రకటించింది, 56 కౌన్సిళ్ళకీ తలా రెండు లక్షల డాలర్లు వచ్చేలా. ఓరెగాన్ కౌన్సిల్, కౌన్సిళ్ళ సమాఖ్య కోర్టుకి వెళ్ళాయి, ఆగస్టులో తాత్కాలిక ఉత్తర్వు వాళ్ళకి అనుకూలంగా వచ్చింది. కానీ ఈలోపు చాలాచోట్ల సిబ్బందిని తీసేశారు, కార్యక్రమాలు ఆగిపోయాయి.

ఎందుకు చెబుతున్నానంటే, అరవై ఏళ్ళ సంస్థ మీద ఆధారపడినవాళ్ళకే ఇలా అయింది. ఒక్కచోటి డబ్బు మీదే నిలబడొద్దు. కాలవగట్టు గారి వంద రూపాయలూ కావాలి, గ్రాంటూ కావాలి.

ఇంకొకటి: మా ఫ్రెండ్స్ కొందరం కలిసి మీకు ఏటా కొంత పంపగలం. ఎలా పంపాలి?

లెక్కలమాస్టారు | మంగళవారం, ఉదయం 9:00

ఆగండి, ఇక్కడ జాగ్రత్త. మీలో భారత పౌరసత్వం ఉన్నవాళ్ళు తమ సొంత సంపాదనలోంచి మామూలు బ్యాంకు మార్గంలో పంపితే అది విదేశీ విరాళం కిందకి రాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవాళ్ళు పంపితే విదేశీ విరాళమే, ఓసీఐ కార్డు (విదేశీ పౌరసత్వం తీసుకున్న భారతీయ మూలాలవాళ్ళకి ఇచ్చేది) ఉన్నా సరే. అక్కడి మీ సంఘం పేరు మీద పంపినా అంతే. అది తీసుకోవాలంటే మగ్గంపక్క గారి సంస్థకి ఎఫ్‌సీఆర్‌ఏ రిజిస్ట్రేషన్ ఉండాలి. దానికి మూడేళ్ళ వయసు, గత మూడేళ్ళలో 15 లక్షల ఖర్చు చూపించాలి. ఈ సంస్థకి అది ఇప్పట్లో కుదరదు. 2020 సవరణ తర్వాత ఎఫ్‌సీఆర్‌ఏ ఉన్న వేరే సంస్థ ద్వారా తిప్పి ఇప్పించుకోవడం కూడా నిషేధం. కాబట్టి పాస్‌పోర్టు కాపీ తీసుకుని, భారత పౌరులైన ఎన్నారైల దగ్గర మాత్రమే తీసుకోండి. ‘మనవాళ్ళే కదా’ అని అందరి దగ్గరా తీసుకుంటే సంస్థకే ప్రమాదం.

ఇక అసలు విషయం. నిన్నటి నుంచి దీని గురించే ఆలోచిస్తున్నాను. మగ్గంపక్క గారూ, ఆ కంపెనీకి మీరు ఇచ్చిన బడ్జెట్‌లో మనిషి జీతం రాశారా?

మగ్గంపక్క | మంగళవారం, ఉదయం 9:40

లేదండీ. రాస్తే తప్పుగా అనుకుంటారేమోనని రాయలేదు. రికార్డర్, కుర్చీలు, మైకు, పుస్తకం ప్రింటింగ్ రాశాం. సీఎస్ఆర్‌లో నిర్వహణ ఖర్చు 5 శాతం దాటకూడదని ఎవరో చెప్పారు.

లెక్కలమాస్టారు | మంగళవారం, ఉదయం 10:05

ఆ 5 శాతం కంపెనీ తన సొంత సీఎస్ఆర్ విభాగం నడుపుకునే సాధారణ ఖర్చులకి పెట్టిన పరిమితి. మీ ప్రాజెక్టు నడిపే మనిషి గౌరవవేతనం ప్రాజెక్టు ఖర్చే. బడిలో టీచరు జీతం ఎలాగో ఇదీ అంతే. మీరు వస్తువులే అడిగారు, వాళ్ళు ఇంకా పెద్ద వస్తువు అడిగారు. మీ పనంతా మనిషి మీద నడుస్తుంటే, ఆ మనిషిని కాగితం మీద దాచిపెడితే వాళ్ళకి పని ఎలా కనబడుతుంది?

ఓరుగల్లు చదువరి | మంగళవారం, మధ్యాహ్నం 12:20

మాస్టారు గారికి దండం. మేమూ ఇదే తప్పు ఆరేళ్ళు చేశాం. జీతం అడగడం సిగ్గు అనుకున్నాం, సేవ అనుకున్నాం. ఆ ఆరేళ్ళలో నలుగురు మంచి పిల్లలు వెళ్ళిపోయారు. ఎవరి మీదా కోపంతో కాదు, ఇంట్లో జరగక.

మగ్గంపక్క | బుధవారం, రాత్రి 10:50

రెండు రోజులు కూర్చుని బడ్జెట్ మళ్ళీ రాశాం. కింద పెడుతున్నాను, చూసి చెప్పండి. ఏడాదికి.

కోఆర్డినేటర్‌కి నెలకు 12,000 చొప్పున 1,44,000. ఆమె ఇప్పుడు ఉత్తినే చేస్తోంది, సాయంత్రాలు ట్యూషన్లు చెప్పుకుంటూ. నలభై గంటల రికార్డింగు రాసి పెట్టడానికి గంటకి 1,200 చొప్పున 48,000. చెప్పే పెద్దలు ముప్పై మందికి తలా 1,000, మొత్తం 30,000. ఇరవై నాలుగు సాయంత్రాలు, టీ, కుర్చీలు, మైకు, ఆటో కలిపి 60,000. రికార్డర్, రెండు కాలర్ మైకులు, రెండు హార్డ్ డిస్కులు 38,000. చిన్న పుస్తకం 500 కాపీలు 45,000. ఆడిట్, కాగితాలు 15,000. మొత్తం 3,80,000.

గంటకి 1,200 ఎక్కువని మా కోశాధికారి అన్నారు. అప్పుడు ఆయన్నే కూర్చోబెట్టి పది నిమిషాల రికార్డింగు రాయమన్నాను. ఎనభై ఏళ్ళు దాటిన ఒక మామ్మ మాట్లాడినది. మధ్యలో పక్కింటి మరమగ్గం మొదలైంది, మాట వినబడదు. ఆమె పళ్ళు లేక కొన్ని మాటలు నమిలేస్తుంది. ‘గుంట మగ్గం’ అన్న తర్వాత ఇంకో మాట ఉంది, ఆయన ఆరుసార్లు వెనక్కి తిప్పి విన్నారు, అర్థం కాలేదు. గంటన్నర పట్టింది. లేచి ఏమీ అనకుండా 1,200 పక్కన టిక్కు పెట్టారు. మరుసటి రోజు ఆ మామ్మ ఇంటికి వెళ్ళి ఆ మాట ఏమిటో అడిగొచ్చారు కూడా. ఆమె ముందు కాళ్ళు పెట్టుకునే గుంట చూపించి, తర్వాత చెప్పిందట.

పాతపుస్తకం | గురువారం, ఉదయం 6:30

ఈ కోశాధికారి గారి సంగతి దరఖాస్తులో ఇలాగే రాయండి. ఖర్చు ఎందుకో ఇంతకంటే బాగా ఎవరూ చెప్పలేరు.

ఒక్క లోటు: అనుమతి పత్రం. మాట్లాడినవాళ్ళ నుంచి రికార్డింగు వాడుకోవడానికి రాతపూర్వక ఒప్పుదల తీసుకుంటున్నారా? తెలుగులో, పెద్ద అక్షరాల్లో, ఒకే పేజీ. ఎక్కడ దాస్తాం, ఎవరు వినవచ్చు, తర్వాత వద్దంటే తీసేస్తాం అని ఉండాలి. చదవలేనివాళ్ళకి చదివి వినిపించి, ఆ వినిపించడాన్ని కూడా రికార్డు చేయండి. గ్రాంటు ఇచ్చేవాళ్ళు అడిగినా అడగకపోయినా ఇది చేయాలి.

కాలవగట్టు | గురువారం, ఉదయం 11:15

అమ్మా, బడ్జెట్ చదివాను. పెద్దలకి తలా వెయ్యి రాయడం నాకు నచ్చింది. గ్రాంటు వచ్చినవాళ్ళు అతిథులకి శాలువా కప్పి, కథ చెప్పినవాళ్ళని టీతో పంపడం చాలాచోట్ల చూశాను.

నా అభిప్రాయం పూర్తిగా మారలేదు. ఆ 60,000 సాయంత్రాల ఖర్చు గ్రాంటులో పెట్టొద్దు. అది ఊరి డబ్బుతోనే జరగాలి. గ్రాంటు ఆగినా ఆదివారం ఆగకూడదు. మా బంధువులు చీరాలలో ఉన్నారు, నేను వాళ్ళతో మాట్లాడతాను. నెలకు 5,000 పోగు చేసే పూచీ నాది.

మగ్గంపక్క | గురువారం, రాత్రి 8:30

కాలవగట్టు గారూ, ఏం చెప్పాలో తెలియడం లేదు. సరేనండీ, సాయంత్రాలు బడ్జెట్ నుంచి తీసేస్తున్నాం. అడిగేది 3,20,000 అవుతుంది. 60,000 మా వాటాగా చూపిస్తాం.

టెక్సాస్ తెలుగు గారూ, మాస్టారు చెప్పిన ప్రకారం ఎవరు పంపవచ్చో చూసి నాకు మెసేజ్ పెట్టండి, తొందరేమీ లేదు. మాస్టారూ, సీఎస్ఆర్-1 పనికి సోమవారం మా ఆడిటర్ దగ్గరికి వెళ్తున్నాం. ఏ కాగితాలు పట్టుకెళ్ళాలి?

లెక్కలమాస్టారు | గురువారం, రాత్రి 9:00

సొసైటీ రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్, పాన్, 12ఏ, 80జీ ఆర్డర్లు, కమిటీ సభ్యుల జాబితా వాళ్ళ పాన్ నంబర్లతో, దరఖాస్తుకి అధికారం ఇస్తూ చేసిన తీర్మానం కాపీ, సంతకం చేసేవారి డిజిటల్ సిగ్నేచర్. తీర్మానం మినిట్స్ పుస్తకంలో తేదీతో ఉందో లేదో ఈ రాత్రే చూసుకోండి.